మొగిలవ్వ దీపం కిరాయి

మొగిలవ్వ గెలిచిన మొదటి గెలుపు ఒక బస్సు.

నడిచే బస్సు కాదు. ఇంజను తీసేసి, టైర్లు ఒలిచేసి, ఇనుప చక్రాల మీద నిలవెట్టిన పాతకాలపు కట్టె బస్సు. కోరుట్లల ఒక సేటు షెడ్డు వెనుక, తుమ్మచెట్ల నడుమ ఎండకు ఎండి వానకు నానింది. కొనెటోడు లేడు. ఎందుకంటె సిరిసిల్ల నుంచి కోరుట్లకు వచ్చే తొవ్వల, స్టీరింగు ముందటి సీట్లనే డ్రైవరు దశరథం పానం ఇడిసిండు. గుండె ఆగుతున్నా బండిని రోడ్డు కిందికి దించి, బిరేకు తొక్కి మరీ పోయిండు. లోపల కూసున్న ఒక్కరికి గోరంత దెబ్బ తాకలె. కానీ లోకానికి గా మాట యాదికుండదు కదా. సావు బస్సు అని పేరు వెట్టిన్రు.

దశరథం మొగిలవ్వ పెనిమిటి, ఆ సేటు కిందనే పనిచేసినోడు. దినాలు గాంగనే బావలిద్దరు ఇంటి నడుమ గోడ లేపిన్రు. ఆ గోడకు ఏ పక్కన చూసినా మొగిలవ్వకు జాగ లేదు. ఇంకొకతె అయితె నెత్తి కొట్టుకొని తల్లిగారింటికి పోతుండె. మొగిలవ్వ చాట, కత్తెర, తునికాకు కట్ట చంకల వెట్టుకొని కోరుట్లకు నడిచిపోయి, సేటు షెడ్డు ముందట కూసొని బీడీలు చుట్టుడు మొదలువెట్టింది. పొద్దున పోవుడు, పొద్దుగూకంగ వచ్చుడు. లొల్లి లేదు, ఏడుపు లేదు. సేటుకే ఇజ్జత్ పోయినట్టయింది.

"ఏం గావాలె మొగిలవ్వా నీకు?"

"బస్సు గావాలె."

"తీస్కపోయి ఏం జేస్తవ్? నడుపుతవా?"

"పండుకుంట."

"అండ్ల మనిషి సచ్చిండే!"

"సచ్చినోడు నా మొగడు సేటూ. ఆయన పక్కపొంటి పండుకునుడు నాకు కొత్తనా?"

సేటు తుమ్మకొమ్మలు కొట్టిచ్చి బస్సుకు తొవ్వ ఇచ్చిండు. మొగిలవ్వ రెండు జతల దున్నపోతులను కట్టి, ఇనుప చక్రాలు కంకర మీద నిప్పులు రాలుస్తుంటె, ఆ బస్సును తాటిదుబ్బ దాక గుంజుకొచ్చింది. డెబ్బై నాలుగు ఎండాకాలం. తాటిదుబ్బ అంటె కోరుట్ల నుంచి రాయికల్ దిక్కు పోయే తొవ్వ మీది ఆమె అత్తగారి ఊరు. ఊరు ఊరంత అరుగుల మీదికొచ్చి నవ్వింది. ఒకడు కేకేసి అడిగిండు, "మొగిలవ్వా, జగిత్యాలకు టికెట్టెంతనే?"

"నీకు వట్టిగనేరా, ఎక్కు. డ్రైవరు ముందటి సీట్లనే ఉన్నడు."

అడిగినోడు ఆ వారమంత ఆ తొవ్వకు రాలె.

*

బస్సు దొరికింది, జాగ లేదు. ఇల్లు చక్రాల మీద ఉన్నా చక్రాలు ఎవని భూమి మీదనో నిలవాలె. ఊర్ల తొవ్వ పక్కన ఖాళీ జాగ అంటె ఒక్కటే, దొర గడి తూరుపు గోడ పొంటి ఉన్న చెలక ముక్క. గడి అంటె మామూలు ఇల్లా? నాలుగు మనుషుల ఎత్తు గోడ, ఏనుగు పట్టే దర్వాజ. పెద్ద దొర పోయినంక గడికి పెద్ద దిక్కు దొరసాని రంగనాయకమ్మ. ఆమె కొడుకు శశిధర్ రావు పెత్తనం కోసం తొందరపడే మనిషే గని, తల్లి మాటకు ఎదురు చెప్పెటోడు కాదు.

ఆ రోజుల్ల గడి ముందటికి పోయినోళ్లు చెప్పులు చేతవట్టుకొని, నడుం వంచి, "నీ బాంచెన్" అంటె తప్ప నోరు తెరిచేది లేదు. మొగిలవ్వ చెప్పులు ఇడిసింది గని నడుం వంచలె.

"ఏమే మొగిలీ, జాగ అడుక్కుంటానికి వచ్చినవా?" అన్నది దొరసాని.

"అడుక్కుంటలేను దొరసానీ. కిరాయికి అడుగుతున్న."

గడిల కూసున్న పెద్దమనుషులు ముసిముసి నవ్విన్రు. దొరసాని నవ్వలె. ఆమె కూసున్న ఉయ్యాల ఆపి, మూడు మాటలు చెప్పింది.

"పునాది తియ్యొద్దు. చెట్టు వెట్టొద్దు. వేరు భూమిల దిగిందంటె రేపు జాగ మాదే అంటరు. నీ బస్సు చక్రాలు చక్రాల తీర్గనే ఉండాలె. ఇగ కిరాయి. నాకు నీ రూపాయి వద్దు. దర్వాజ పక్కన గూడు చూసినవా? మా ఆయన పోయినకాడికెల్లి ఆ గూట్ల దీపం ఆరలె. నాకు కాళ్లు నొస్తున్నయ్. ఇగ నువ్వు వెట్టు. ఒక్క మునిమాపు గూడు చీకటైందా, తెల్లారి దున్నపోతులు కట్టుకొని నీ తొవ్వ నువ్వు చూసుకోవాలె."

మా దిక్కు ఒక పద్ధతి ఉన్నది. ఇంట్ల మనుషులున్నా లేకున్నా దీపం వెట్టే దిక్కు ఉంటె అది పాడువడ్డ ఇల్లు కాదు. దీపం వెట్టే దిక్కు లేదంటె, ఆ ఇంటికి మీద కప్పు ఉన్నా లేనట్టే. దొరసానికి గది తెలుసు. మొగిలవ్వకు సుత తెలుసు. అందుకే ఊకె తలూపి రాలె.

"దొరసానీ, ఆరితె ఏందో చెప్పినవ్. మరి ఆరనన్ని దినాలు?"

పెద్దమనుషుల నవ్వు ఆగిపోయింది. గడిల నిలవడి ఎదురు షర్తు అడిగిన ఆడమనిషి అంతకు ముందు లేదు.

"ఆరనన్ని దినాలు," అన్నది రంగనాయకమ్మ మెల్లగ, "నిన్ను లేపే హక్కు నాకు లేదు. నా కొడుక్కు సుత లేదు."

"అందరిన్నరా?"

"ఇన్నం," అన్నరు పెద్దమనుషులు, నేల చూసుకుంట.

ఇది రెండో గెలుపు. మొదటి గెలుపు కంటె గిదే పెద్దది.

ఆ గూడు గోడకు ఆరుపారు ఉంటది. బయటి దిక్కు దీపం వెట్టే చోటు, లోపటి దిక్కు చిన్న చెక్కతలుపు. బయటి నుంచి వెట్టినా లోపటి నుంచి వెట్టినా ఊరికి కనవడే దీపం ఒక్కటే. మొగిలవ్వ ఆముదం పోసి వత్తి ఎగేస్తుంటె ఒక్కొక్కనాడు ఆ చెక్కతలుపు తెరుచుకునేది. ఒక చెయ్యి బయటికొచ్చేది, అరచెయ్యి మీదికి వెట్టి. చిన్నప్పుడు ఉయ్యాల గొలుసుల ఇరికి చిటికెనవేలు వంకర పోయిన చెయ్యి.

"ఒకటియ్యే మొగిలీ. ఎవలకన్న చెప్పినవో, నీ బస్సు పండవెడుత."

దొరసానికి బీడీ తాగే అలవాటున్నదని దునియా మీద ఇంట్లోళ్లకు తప్ప మొగిలవ్వ ఒక్కదానికే తెలుసు. మొగిలవ్వ చుట్టిన బీడీ ఒకటి ఆ చేతుల వెట్టేది. గోడకు ఆ పక్కన దొరసాని, ఈ పక్కన మొగిలవ్వ, నడుమ దీపం. ఒకరి మొఖం ఒకరికి కనవడకుండ ఇద్దరు ముండమోపులు ఒక బీడీ కాలేంత సేపు నిలవడేటోళ్లు.

*

డెబ్బై ఎనిమిదిల గాలి మారింది. ఊరూర సంఘాలు లేచినయి. అన్నలు వచ్చి మాట్లాడిపోయిన్రు. వెట్టి బందు అయింది. గడికి మంగలి పోలె, చాకలి పోలె, నీళ్లు మోసెటోడు పోలె. జగిత్యాల, సిరిసిల్ల దిక్కంత కల్లోలిత ప్రాంతమని సర్కారు చాటింపు చేసింది. ఒకనాడు మిట్టపగటిపూట గడి ముందట కారు ఆగింది. శశిధర్ రావు దర్వాజకు పెద్ద తాళం వేసి, తల్లిని కూసోవెట్టుకొని పట్నం పోయిండు. పోయే కారుల నుంచి దొరసాని ఒక్క మాట అనలె. వంకర చిటికెనవేలు బయటికి చాపి గూడు దిక్కు చూపిచ్చింది. గంతే.

మొగిలవ్వ ఆ మునిమాపు ఎప్పటి తీర్గ దీపం వెట్టింది. తెల్లారి సంఘపోళ్లు బడి ముందటికి పిలిచిన్రు. సంఘానికి పెద్ద జలపతి, పాలేరుతనం ఇడిసిపెట్టి నిలవడ్డ పిలగాడు, మాట చురుకు.

"పెద్దమ్మా, ఊరంత వెట్టి బందు వెట్టినం. నువ్వొక్కదానివి దొరకు దీపం ముట్టిస్తవా? సిగ్గు గాదా?"

"వెట్టి కాదు కొడుకా, కిరాయి."

"రెండింటికి ఫరకేంది?"

"వెట్టి చేసిననాడు దొర నన్ను పొమ్మంటె పోవాలె. కిరాయి కట్టిననాడు పొమ్మనరాదు. గిదే ఫరకు. నువ్వు దొర భూమిల జండా పాతినవ్, సంతోషం. రేపు పోలీసోడు వచ్చి జండా పీకుతడు. నా కిరాయిని ఏం పెట్టి పీకుతడు?"

జనం గొల్లుమన్నరు. జలపతి నెత్తి గోక్కున్నడు. "పెద్దమ్మ ఏడనో వకీలు చదువు చదివినట్టున్నది."

"రాయికల్ బీడీల కార్ఖానల చదివిన. ఆకు ఎక్కువ కత్తిరిస్తె ఎట్ల, తక్కువ కత్తిరిస్తె ఎట్లనో ఆడనే నేర్పిండ్రు."

"సరే. కానీ లోపట అడుగు వెట్టొద్దు."

"లోపట నాకేం పని? నా కిరాయి గూటి దాకనే."

గిట్ల సంఘం ముందట సుత గెలిచింది. ఏడాది పొద్దు ఏం కాలె. గడి గోడల మీద రావి మొలకలు లేచినయి, దర్వాజ తాళం తుప్పువట్టింది, తొవ్వన పోయెటోళ్లు ఆ గోడ దిక్కు చూసుడు మానిన్రు. దీపం మాత్రం ఆరలె.

*

డెబ్బై తొమ్మిది పెత్తరమాస నాడు, పెద్దలకు బియ్యమిచ్చే అమాస నాడు మొదలైంది.

ఆ మునిమాపు మొగిలవ్వ ఆముదం బుడ్డి పట్టుకొని పోయేసరికి ప్రమిద నిండుగ ఉన్నది. తాను నిన్న పోసింది వత్తి తడిసేంతనే. ఎలుకలు తాగిపోతయని తెలుసు గని ఎలుకలు పోసిపోతయని ఎవలు ఇనలె. తెల్లారి వత్తి కొత్తది. మూడో నాడు చెయ్యి పెట్టి చూస్తె గూటి లోపటి గోడ వెచ్చగ ఉన్నది, మనిషి ఇప్పుడే ఆనుకొని లేచిపోయినట్టు.

పక్కింటి లచ్చవ్వ ఆమె జోడి. ఇద్దరు బస్సు మెట్ల మీద కూసొని బీడీలు చుడుతరు. లచ్చవ్వ ఒకనాడు మిట్టపగలు కత్తెర ఆపి చెవి ఒగ్గింది.

"ఇంటున్నవా?"

"ఏంది?"

"ఉయ్యాల."

గోడ అవతలి నుంచి ఇనుప గొలుసు కిర్రుమనుడు. ఆగుడు. మళ్ల కిర్రుమనుడు. గాలి లేదు. తుమ్మాకు సుత ఊగుతలేదు.

"గబ్బిలాలు కావచ్చు," అన్నది మొగిలవ్వ.

"గబ్బిలాలు ఉయ్యాల ఊగుతయానే?"

"దొరోళ్ల ఇంటి గబ్బిలాలు ఊగుతయి కావచ్చు."

లచ్చవ్వ నవ్వింది గని చాట ఎత్తుకొని ఇంట్లకు పోయి తలుపేసుకున్నది. మొగిలవ్వకు దయ్యాల భయం లేదు. మొగడు సచ్చిన సీటు పక్కన పండుకునే మనిషికి దయ్యం భయమేంది? కానీ ఆనాడు చుట్టిన బీడీలన్ని వదులువడ్డయి. అదెందుకో అప్పుడు ఆమెకు అంతువట్టలె.

దసరా దాటినంక పోలీసు క్యాంపు వచ్చింది. కొత్త ఎస్సై ఊరంత తిరిగి, పొద్దుగూకే యాళ్ల తాళం వేసిన గడి ముందట దీపం చూసి ఆగిపోయిండు.

"ఈ దీపం ఎవరికి సైగ?"

"ఎవలకు కాదు సార్. కిరాయి."

"నాకు కథలు చెప్తున్నవా ముసలిదానా? దళం వస్తుందా రాదా అని చెప్పే గుర్తు కాదూ ఇది?"

"దళమోళ్లకు నా దీపమెందుకు సార్, వాళ్ల దగ్గర బ్యాటరీ లైట్లున్నయంట."

ఆ మాట అనకుంటె బాగుండు. జీపుల ఎక్కిచ్చుకపోయి మూడు దినాలు ఠాణాల కూసోవెట్టిన్రు. కొట్టలె. ఊకె కూసోవెట్టిన్రు. మొగిలవ్వ మాత్రం ఆ మూడు పొద్దుగూకుళ్లు కండ్లల్ల పానం వెట్టుకొని చూసింది. కిటికీల ఎండ ఎర్రబడుతుంటె ఆమె లేచి ఊచలు పట్టుకునేది. గూడు చీకటైతున్నది, ఇగ అయిపాయె, చక్రాలు కదులుతయి అనుకున్నది. ఒక పోలీసు పిలగాన్ని బతిమిలాడింది, "ఒక్క పూట ఇడిసిపెట్టు, దీపం వెట్టి మళ్ల అచ్చి కూసుంట." ఆ పిలగాడు నవ్విండు. "ఠాణాకు మళ్ల వస్త అన్నదాన్ని నిన్నొక్కదాన్నే చూసిన అవ్వా."

నాలుగో నాడు ఇడిసిన్రు. పరుగుపరుగున ఊరు చేరేసరికి లచ్చవ్వ ఎదురొచ్చింది. మొఖంల నెత్తురు సుక్క లేదు.

"మొగిలీ, నిన్ను నిజంగనే ఠాణాకు తీస్కపోయిన్రా?"

"మరి పెండ్లికి తీస్కపోయిన్రనుకున్నవా?"

"అయితె దీపం ఎవలు వెట్టిన్రే?"

మూడు పూటలు గూట్ల దీపం వెలిగింది. ఊరంత చూసింది. చూసి, ఎవల ఇంట్ల వాళ్లు తలుపులు బిగిచ్చుకున్నరు. సంఘపోళ్లు పోలీసోళ్ల పని అనుకున్నరు, పోలీసోళ్లు అన్నల పని అనుకున్నరు. ఎవలు దగ్గరికి పోలె.

అప్పుడు అంతువట్టింది మొగిలవ్వకు తన బీడీలు ఎందుకు వదులువడ్డయో. ఎవరో తన కిరాయి కడుతున్నరు. ఎవలు దీపం వెడితె వాళ్లదే జాగ. దయ్యమైనా సరే, మనిషైనా సరే, తన కాళ్ల కిందికెల్లి మెల్లగ భూమి గుంజుతున్నరు.

ఆ మునిమాపు ఆమె ముందే పోయి గోడకు ఆనుకొని నిలవడ్డది. చేతుల బుడ్డి ఉన్నది గని పొయ్యలె. పొద్దు తాటిచెట్ల ఎనుకకు దిగింది. పిట్టలు సద్దు మానినయి. గూటి లోపటి చెక్కతలుపు మెల్లగ తెరుచుకున్నది. ఒక చెయ్యి బయటికొచ్చింది. ఉత్త చెయ్యి. మోచేతి ఎనుక ఏమున్నదో చీకట్ల కనవడలె. ప్రమిదల ఆముదం పోసింది, వత్తి ఎగేసింది, బొటనవేలితోని మసి తీసింది. చిటికెనవేలు వంకర.

"దొరసానీ?"

చెయ్యి ఆగింది. ఆగి, మెల్లగ తిరిగింది. అరచెయ్యి మీదికి.

మొగిలవ్వ కండ్లల్ల నీళ్లు తిరిగినయి. కొంగు ముడి ఇప్పి బీడీ ఒకటి ఆ అరచేతుల వెట్టింది. వేళ్లు మూసుకున్నయి. మంచులెక్క సల్లగ ఉన్నయి. చెయ్యి లోపటికి పోయింది, తలుపు మూసుకున్నది.

దొరసాని పట్నం పోలె, కారుల చూపిచ్చింది ఉత్త కండ్లకు గంతలు, కొడుకు రాత్రికి రాత్రి తల్లిని ఎనుక తొవ్వల మళ్ల తెచ్చి లోపటనే దాచిండు అని మొగిలవ్వ లెక్క కట్టుకున్నది. లోపట బాయి ఉన్నది, గాదెల వడ్లున్నయి. ముసలామె గడి ఇడిసి పోనని మొండికేసి ఉంటది. ఆ లెక్క కట్టుకున్నంక ఆమెకు నిద్ర పట్టింది. జలపతికి చెప్పలె, ఎస్సైకి చెప్పలె, లచ్చవ్వకు సుత చెప్పలె. దినాం తాను దీపం వెట్టుడు, ఒక బీడీ గూట్ల వెట్టుడు. తెల్లారేసరికి బీడీ ఉండేది కాదు. లోపటి మనిషి ఒక్కనాడు సుత మాట్లాడలె. మొగిలవ్వే మాట్లాడేది. "చలి వెడుతుందా? కట్టెలున్నయా?"

*

కార్తీకం ఒడిసినంక శశిధర్ రావు జీపుల దిగిండు, ఎనుక పోలీసోళ్లు. మనిషి చిక్కి సగమైండు. ఆయన ఆ జాగను ఒక రైసుమిల్లాయనకు మాట్లాడుకున్నడు. బస్సు లేచిపోతె రిజిస్ట్రీ.

"మొగిలవ్వా, దున్నపోతులను తెప్పిచ్చుకో. నువ్వు ఠాణాల ఉన్న మూడు దినాలు దీపం ఎవరు వెట్టిన్రు? మా అమ్మ మాట ప్రకారమే నీ కిరాయి తప్పింది."

జనం చేరిన్రు. మొగిలవ్వ బస్సు మెట్టు దిగి తొవ్వ నడుమకొచ్చింది.

"చిన్నదొరా, ఈ బస్సును ఎవల దానం లేకుండ తెచ్చుకున్న. గడిల నిలవడి మీ అమ్మతోని మాట తీసుకున్న. సంఘం ముందట జవాబు చెప్పిన, ఠాణా నేల మీద కూసొని వచ్చిన. నా గూడు ఒక్క పూట చీకటి కాలె. అడుగు ఊరిని."

ఊరు నోరు మెదపలె. దొర ముందట నోరు లేవనిది ఒక భయం, ఆ మూడు పూటల గురించి మాట్లాడాలంటె ఇంకో భయం. ఆఖరికి లచ్చవ్వ ముందటికొచ్చింది. "వెలిగింది. నేను చూసిన." ఆ ఎనుక జలపతి అన్నడు, "నేను చూసిన." ఇగ ఊరంత అన్నది.

"మరి ఎవరు వెట్టిన్రు?"

"నా కిరాయి ముట్టిందా లేదా? ఎవలు కట్టిన్రో నీకెందుకు?"

"నాకు కావాలె," అన్నడు శశిధర్ రావు పండ్లు కొరుక్కుంట.

మొగిలవ్వ ఆయన దగ్గరికి పోయి గొంతు తగ్గిచ్చింది. "మీ అమ్మ వెట్టింది. నువ్వు లోపట దాచినవ్ కదా. నేనెవలకు చెప్పలె."

శశిధర్ రావు నవ్వబోయిండు. నవ్వు సగంల ఇరిగిపోయింది.

"అమ్మ పట్నంల ఉన్నది. పెత్తరమాస నాడు పచ్చవాతం వచ్చింది. కుడిపక్క మొత్తం పడిపోయింది, మాట పడిపోయింది. పొద్దున నేనే చెంచతోని చాయ తాపిచ్చి వచ్చిన."

తాళం తీసిన్రు. తుప్పువట్టిన తాళం రాయితోని కొడితె గని రాలె. దర్వాజ లోపట ఏడాది దుమ్ము అరిపాదం మునిగేంత ఉన్నది. దాని మీద పిల్లి అడుగు సుత లేదు. గాదెల వడ్లు పురుగువట్టి ముద్దకట్టినయి. బాయి మీద తీగలు అల్లుకున్నయి. ఉయ్యాల గొలుసు ఒక దిక్కు తెగి యాలాడుతున్నది. గూటి ఎనుక చెక్కతలుపు కింద మాత్రం నేల మీద బీడీ ముక్కలు కుప్పగ ఉన్నయి. దారం మొగిలవ్వదే, ముడి మొగిలవ్వదే. మొదలు దాక కాల్చి పారేసినయి.

శశిధర్ రావు ఒక ముక్కను ఏరి ముక్కు దగ్గర వెట్టుకున్నడు.

"అమ్మ బీడీ తాగుతదని నీకెట్ల తెలుసు?"

మొగిలవ్వ గూడు దిక్కు చూపిచ్చింది. ఆయన అక్కడనే దుమ్ముల కూలవడి, ఎవరితోనో చెప్పుకున్నట్టు చెప్పిండు. "మునిమాపు కాంగనే అమ్మ కుడి చేతికి ఆముదం జిడ్డు. లేవని చెయ్యికి జిడ్డు ఎట్ల వస్తది? నర్సు పిల్లను తిట్టిన, ఏం పూస్తున్నవని. బొటనవేలికి మసి. అర్ర అంత బీడీ వాసన. ఆ పిల్ల పని ఇడిసి పోయింది."

పోలీసోళ్లు ఎప్పుడో దర్వాజ బయటికి పోయిన్రు.

లేచినంక శశిధర్ రావు దొర గొంతుతోని మాట్లాడలె. "ఇచ్చిన మాట అమ్మది. డాక్టర్లు ఇగ దినాలే అంటున్నరు. ఆమె పోయిననాడు ఆ మాట సుత పోతది. తరువాత నా ఇష్టం, గది నీకు తెలుసు."

"తెలుసు. ఆనాడు మాట ఇన్న పెద్దమనుషులు సాక్ష్యం రారని సుత తెలుసు. అందుకే నేను పట్నం వస్త. ఆమె నోటితోని కాకుంటె చేతితోని చెప్తది. నీ ముందట నా చెయ్యి పట్టుకొని జాగ మొగిలిది అన్నట్టు ఒక్క వేలు కదిపితె సాలు. నువ్వు కట్టువడి ఉంటవా?"

"ఉంట," అన్నడు. పడిపోయిన చెయ్యి కదులుతుందని ఆయనకు ఇప్పుడు గ్యారంటీ ఉన్నది. కదలొద్దని సుత ఆయన మొఖంల ఉన్నది.

*

బేస్తారం పొద్దున మొగిలవ్వ జగిత్యాల బస్సెక్కేటందుకు తయారైంది. అంతకు ముందు గూటి దగ్గరికి పోయి, చెక్కతలుపు దిక్కు మొఖం వెట్టి అన్నది, "దొరసానీ, నీ దగ్గరికే వస్తున్న. నేను వచ్చేదాక నా కిరాయి నువ్వే చూడాలె." నాలుగు పూటలకు నాలుగు బీడీలు గూట్ల వరుసగ వెట్టింది. ఐదోది ఎందుకు, తాను వచ్చేస్తది కదా.

"ఆడ ఆమె పోతె ఎట్లనే?" అన్నది లచ్చవ్వ.

"తంతి కంటె ముందు నీకే తెలుస్తది. గూడు చీకటైతది."

"నువ్వు పోతె?"

"నేను పోతనా! కిరాయి కట్టకుంట పోయిన దాన్ననుకున్నవా నన్ను?"

లచ్చవ్వ బస్సు మెట్ల మీద చాట వెట్టుకొని కూసున్నది. బేస్తారం మునిమాపు చెక్కతలుపు తెరుచుకున్నది, వంకరవేలు చెయ్యి దీపం వెట్టి బీడీ తీసుకున్నది. శుక్రవారం అంతే. ఊరంత అరుగుల మీద నిలవడి చూసింది, సప్పుడు లేకుండ. శనివారం చెయ్యి రావడానికి చాన యాళ్లయింది. వచ్చిన చెయ్యి వణికింది. వత్తి ముట్టింది గని బీడీ అక్కడనే ఉండిపోయింది.

ఆదివారం పొద్దుగూకింది. తాటిచెట్లు నల్లవడ్డయి. గూడు చీకటిగనే ఉన్నది. జలపతి, "ఇగ అయిపోయింది," అన్నడు. ఎవలో ఆడామె ఏడుపు అందుకున్నది. లచ్చవ్వ అగ్గిపెట్టె తీసుకొని లేచింది, తానన్న ముట్టిద్దామని. గూటి ముందటికి పోయేసరికి చెక్కతలుపు తెరుచుకున్నది.

చెయ్యి వచ్చింది. చిటికెనవేలు సక్కగ ఉన్నది. వేళ్ల కొసలు తంబాకుతోని పసుపువచ్చగున్నయి, బొటనవేలు మీద కత్తెర ఒరుసుకొని కాసిన కాయ ఉన్నది. ఆముదం పోసింది, వత్తి ఎగేసింది, మసి తీసింది. మిగిలిన బీడీలను ముట్టలె. తాను చుట్టిన బీడీని తాను ఎన్నడు తాగదు మొగిలవ్వ.

లచ్చవ్వ ఉరకలె, అరవలె. దీపం నిలకడగ మండేదాక అక్కడనే నిలవడి, ఎనుకకు తిరిగి ఊరికి చెప్పింది, "కిరాయి ముట్టింది. బస్సును ఎవలు ముట్టొద్దు."

తంతి ఇంకా రాలె. పట్నం నుంచి ఏ కబురు రాలె, దొరసాని ఉన్నదో పోయిందో, మొగిలవ్వ ఏమైందో. బస్సు తలుపు దగ్గరేసి ఉన్నది, డ్రైవరు సీటు మీద మొగిలవ్వ చాట ఉన్నది, చక్రాలు చక్రాల తీర్గనే ఉన్నయి. మొగిలవ్వ తిరిగొచ్చేది రేపు సోమవారం, మార్గశిర పున్నమి, డిసెంబరు మూడో తారీకు, దీపాలు వెట్టే యాళ్లకు.